బైక్ చక్రం దెబ్బను ఎలా తీసుకుంటుంది: స్పోక్, అల్లాయ్, ఫోర్జ్‌డ్, కార్బన్

బైక్ కొనేటప్పుడు చక్రాల గురించి నడిచే చర్చ చాలావరకు అందం చుట్టూనే తిరుగుతుంది. స్పోక్స్ ఉంటే పాతకాలపు కళ అంటారు, అల్లాయ్ ఉంటే స్పోర్టీగా ఉందంటారు. ఆ మాటల్లో చక్రం చేసే పని ఎక్కడా వినిపించదు. బండి బరువు, మనిషి బరువు, సామాను బరువు అన్నీ మోస్తూనే బ్రేక్ వేసినప్పుడు వచ్చే మెలిక, గుంతలో పడ్డప్పుడు తగిలే దెబ్బ కూడా చక్రమే తట్టుకోవాలి. ఆ దెబ్బను ఏ చక్రం ఎలా తీసుకుంటుంది, అది మోతాదు మించితే ఎలా పాడవుతుంది, పాడయ్యాక బాగు చేయించుకోవచ్చా అన్న మూడు ప్రశ్నలు వేసుకుంటే చక్రాల మధ్య తేడాలు స్పష్టంగా బయటపడతాయి.

ముందు స్పోక్ చక్రం సంగతి. అందరికీ బాగా తెలిసినట్టు అనిపించే ఈ చక్రం గురించే అపోహలు ఎక్కువ. కర్రతో చేసిన బండి చక్రంలో ఆకులు లావుగా ఉంటాయి. పైన బరువు పడితే కింద ఉన్న ఆకు ఇరుసుకీ నేలకీ మధ్య నలుగుతూ ఆ బరువును మోస్తుంది. బైక్ స్పోక్ అలా పనిచేయలేదు. 3 నుంచి 4 మి.మీ. మందం ఉండే తీగ అది. నిలబెట్టి నొక్కితే ఇట్టే వంగిపోతుంది. అదే తీగను లాగి చూస్తే ఎంతో బలం చూపిస్తుంది. అందుకని చక్రం కట్టేటప్పుడే ప్రతి స్పోక్‌నీ నిపుల్ అనే చిన్న నట్టుతో బిగించి గట్టిగా లాగి పెడతారు. నలువైపుల నుంచీ సమానంగా లాగుతున్న ఈ తీగల మధ్య హబ్, అంటే చక్రం నడిమి దిమ్మ, కదలకుండా నిలుస్తుంది. బండి మీద బరువు పడగానే కింది వైపు ఉన్న కొన్ని స్పోక్స్‌లో బిగువు కాస్త తగ్గుతుంది. ఆ తగ్గిన బిగువే మోసిన బరువు. పూర్తిగా వదులైపోనంత వరకు ఆ తీగ వంగదు, విరగదు.

తీగల బిగువు మీద నిలబడే చక్రం అన్న ఆలోచన మోటార్‌సైకిల్ కంటే చాలా పాతది. ఎగిరే యంత్రాలకు తేలికైన చక్రం కావాలని 1808లో జార్జ్ కేలీ దీన్ని గీసి చూపించాడు. 1874లో జేమ్స్ స్టార్లీ సైకిల్ కోసం టాంజెంట్ స్పోక్, అంటే హబ్ నుంచి పక్కకి వాలి వెళ్లే స్పోక్, పేటెంట్ తీసుకున్నాడు. ఈ రెండోది బైక్‌కి మరీ ముఖ్యం. బ్రేక్ హబ్ దగ్గర పట్టుకుంటుంది, రోడ్డు మాత్రం టైర్ దగ్గర లాగుతుంది. అంటే హబ్‌నీ, టైర్ కూర్చునే రిమ్‌నీ రెండు వ్యతిరేక దిక్కుల్లో మెలిపెట్టే బలం పుడుతుంది. కేంద్రం నుంచి సూటిగా రిమ్‌కి వెళ్లే స్పోక్స్ ఈ మెలికను ఆపలేవు. ఒక వరస ముందుకి వాలి, ఇంకో వరస వెనక్కి వాలి, ఒకదాన్నొకటి దాటుతూ వెళ్తే ఆపగలవు. బ్రేక్ వేసినప్పుడు ఒక వరస బిగుసుకుంటుంది, ఇంజిన్ వెనక చక్రాన్ని తిప్పినప్పుడు రెండో వరస బిగుసుకుంటుంది. స్పోక్స్ అడ్డంగా అల్లుకున్నట్టు కనిపించడానికి కారణం ఇదే.

స్పోక్ చక్రం ఒక్కసారిగా చేతులెత్తేయడం అరుదు. దాని జబ్బు మెల్లగా మొదలవుతుంది. ఒక స్పోక్ వదులైతే చక్రం తిరిగిన ప్రతిసారీ అది ఒకసారి బిగుసుకుని ఒకసారి పూర్తిగా వదులవుతుంటుంది. సన్నని కమ్మీని అటూ ఇటూ వంచుతూ పోతే ఎలా తెగుతుందో, హబ్ దగ్గర వంపు తిరిగిన చోట స్పోక్ కూడా చివరికి అలాగే తెగుతుంది. తెగిన దాని వాటా పక్కనున్నవాటి మీద పడుతుంది, తర్వాత అవీ వదులవుతాయి. అందుకే ఒక స్పోక్ పోతే దాన్ని మాత్రమే మార్చి సరిపెట్టుకోవడం మంచిది కాదు. మొత్తం చక్రం బిగువు చూసుకోవాలి.

చూడడం కష్టమేమీ కాదు. సెంటర్ స్టాండ్ వేసి లేదా చక్రం నేలకి ఆనకుండా లేపి, చిన్న స్క్రూడ్రైవర్ లోహపు కొసతో ఒక్కో స్పోక్‌నీ మధ్యలో తట్టాలి. బిగువు బాగుంటే ఖంగుమని మోగుతుంది, వదులైతే డబ్బుమని చచ్చిన శబ్దం వస్తుంది. ముందూ వెనకా చక్రాల మోత ఒకేలా ఉండకపోవచ్చు కానీ ఒకే చక్రంలో ఒకే వరసలో ఉన్న స్పోక్స్ దాదాపు ఒకే స్వరం పలకాలి. తర్వాత రిమ్ అంచు పక్కన ఏదైనా ఆనించి పెట్టి చక్రాన్ని నెమ్మదిగా తిప్పితే పక్కకి ఊగుతోందా, పైకీ కిందికీ ఎగురుతోందా కనిపిస్తుంది. చాలా సర్వీస్ మాన్యువల్స్‌లో ఈ ఊగుడుకు హద్దు 2 మి.మీ., అది దాటితే బెండ్ తీయాలి. బెండ్ తీసేటప్పుడు నిపుల్‌ని ఒకేసారి గట్టిగా తిప్పేయడం పెద్ద పొరపాటు. పావు చుట్టు చొప్పున, ఒక వైపు స్పోక్ బిగిస్తే దాని ఎదురు వైపుది కాస్త వదులు చేస్తూ, మధ్యమధ్యలో చక్రం తిప్పి చూసుకుంటూ పోవాలి. ఓపికతో చేయాల్సిన పని ఇది. చేయి తిరిగిన మెకానిక్ చేస్తే వంగిపోయిన చక్రం కూడా మళ్లీ సూటిగా తిరుగుతుంది. కొత్త చక్రం లేదా కొత్తగా కట్టిన చక్రం అయితే మొదటి కొన్ని వందల కిలోమీటర్లలోనే స్పోక్స్ సర్దుకుంటాయి కాబట్టి అప్పుడొకసారి తప్పకుండా చూడాలి.

రిమ్ దగ్గరా రెండు రకాలున్నాయి. క్రోమ్ పూత వేసిన స్టీల్ రిమ్ గట్టిది, వంగినా సాగుతుంది, విరగదు. అయితే బరువెక్కువ. నిపుల్ రంధ్రాల చుట్టూ పూత లేచి తుప్పు మొదలైతే లోపలి వైపు పెచ్చులు లేచి ట్యూబ్‌ని గీరుతాయి. అల్యూమినియం రిమ్ తేలిక, తుప్పు పట్టదు. మట్టి దారుల్లో పోటీపడే మోటోక్రాస్, ఎండ్యూరో బైకుల్లో ఉండేది ఇదే. స్పోక్ చక్రం అనగానే బరువైనదనుకోవడం అందుకే తప్పు. మంచి అల్యూమినియం రిమ్ పెట్టి కట్టిన స్పోక్ చక్రం, చవగ్గా పోతపోసిన అల్లాయ్ చక్రం కంటే తేలిగ్గా ఉండొచ్చు.

స్పోక్ చక్రానికి అసలైన లోపం గాలి దగ్గరుంది. నిపుల్ ప్రతిదీ రిమ్‌కి రంధ్రం చేసుకుని లోపలికి వస్తుంది. 36 స్పోక్స్ ఉంటే 36 రంధ్రాలు. గాలి నిలవదు కాబట్టి ట్యూబ్ తప్పదు. ట్యూబ్‌కి మేకు దిగితే ఒక్కోసారి చీలిపోయి గాలి క్షణాల్లో పోతుంది. పరుగులో ఉన్న బైక్ ముందు చక్రంలో ఇలా జరిగితే హ్యాండిల్ అదుపు తప్పుతుంది. ట్యూబ్‌లెస్ టైర్‌లో మేకు దిగినా రబ్బరు దాన్ని పట్టుకునే ఉంటుంది. గాలి మెల్లగా పోతుంది, రైడర్‌కి బండి ఆపుకోవడానికి సమయం దొరుకుతుంది. చక్రం విప్పకుండానే బయటి నుంచి స్ట్రిప్ పెట్టి అప్పటికి సాగిపోవచ్చు. రోజూ రోడ్డు మీద తిరిగే బైక్‌కి ట్యూబ్‌లెస్ ఎంచుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఈ లోపాన్ని దాటడానికి ఇంజినీర్లు వెతికిన దారి చూడముచ్చటగా ఉంటుంది. 1987లో వచ్చిన బీఎండబ్ల్యూ ఆర్ 100 జీఎస్‌లో స్పోక్స్‌ని రిమ్ మధ్యలో కాకుండా రెండు అంచుల దగ్గర, టైర్ గాలి నిలిచే భాగానికి బయట తగిలించారు. రంధ్రాలన్నీ గాలి గదికి వెలుపలే ఉండిపోయాయి, స్పోక్ చక్రానికి ట్యూబ్‌లెస్ టైర్ వేయగలిగారు. విరిగిన స్పోక్ మార్చడానికి టైర్ విప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఇవాళ అడ్వెంచర్ బైకుల్లో ఈ క్రాస్ స్పోక్ పద్ధతి, దానికి దగ్గరి పద్ధతులు బాగా కనిపిస్తున్నాయి. 2020 హోండా ఆఫ్రికా ట్విన్ అడ్వెంచర్ స్పోర్ట్స్‌కి ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు వచ్చాయి. మామూలు స్పోక్ చక్రానికి లోపల నిపుల్స్ మీద సీలెంట్, టేపు వేసి ట్యూబ్‌లెస్‌గా మార్చే కిట్లు కూడా దొరుకుతాయి. రిమ్ ఆకారం దానికి తగినది కాకపోతే అది ప్రమాదకరమైన పని. ఆ సంగతి చివర్లో వస్తుంది.

అల్లాయ్ చక్రాలు మామూలు రోడ్డు బైకుల్లోకి 1970ల మధ్యలో వచ్చాయి. యమహా ఆర్‌డీ 400 1976లో పోత చక్రాలతో అమ్మకానికి వచ్చింది. హోండా 1977లో కామ్‌స్టార్ అనే మధ్యేమార్గం తెచ్చింది. అందులో అల్యూమినియం రిమ్‌కి పెద్ద పెద్ద రేకు స్పోక్స్‌ని రివెట్లతో బిగించారు. రిమ్ గాలి గదిలోకి రంధ్రాలు లేవు కాబట్టి హోండా సీఎక్స్ 500 బైక్‌కి ట్యూబ్‌లెస్ టైర్లు వేయగలిగారు. పోత పద్ధతి నమ్మకంగా కుదురుకున్నాక రివెట్ల అవసరం పోయింది.

ఇప్పుడు బైకులకి వచ్చే అల్లాయ్ చక్రాల్లో ఎక్కువ భాగం అల్యూమినియంలో 7 శాతం వరకు సిలికాన్, చాలా కొద్దిగా మెగ్నీషియం కలిపిన మిశ్రమంతో పోసినవే. సిలికాన్ వల్ల కరిగిన లోహం అచ్చులో సన్నని మూలల్లోకి కూడా చక్కగా పారుతుంది. మెగ్నీషియం వల్ల తర్వాత వేడి చేసినప్పుడు లోహం గట్టిపడుతుంది. పోసిన చక్రాన్ని 540 డిగ్రీల దగ్గర ఉంచి, నీళ్లలో ముంచి, మళ్లీ 150, 170 డిగ్రీల మధ్య కొన్ని గంటలు ఉంచుతారు. చక్రానికి ఉన్న బలంలో పెద్ద భాగం అచ్చులో కాదు, ఈ కొలిమిలో పుడుతుంది. బెండ్ వచ్చిన అల్లాయ్‌ని గ్యాస్ మంటతో బాగా వేడి చేసి సుత్తితో కొట్టి సరిచేస్తామనేవారి దగ్గరికి వెళ్లేముందు ఈ సంగతి గుర్తుండాలి. మంట తగిలిన చోట కొలిమిలో వచ్చిన గట్టిదనం పోతుంది. చక్రం చూడడానికి గుండ్రంగా ఉంటుంది, బలం మాత్రం తగ్గిపోయి ఉంటుంది. అంచులో చిన్న వంపు అయితే యంత్రం మీద తక్కువ వేడితో సరిచేయించుకోవచ్చు. చీలిక ఉంటే, అది హబ్ నుంచి రిమ్‌కి వెళ్లే లోహపు చేతుల దగ్గరైనా హబ్ దగ్గరైనా, వెల్డింగ్ వైపు వెళ్లకుండా చక్రం మార్చేయడమే మంచిది.

అల్లాయ్ చక్రం దెబ్బ తినే తీరు స్పోక్‌కి పూర్తిగా వేరు. సర్దుకునే తీగలు ఇందులో లేవు. దెబ్బను ఒకే ముద్దగా ఉన్న లోహం తీసుకుంటుంది. గుంత అంచు తగిలితే రిమ్ పెదవి లోపలికి వంగుతుంది, ఇంకా గట్టిగా తగిలితే చీలుతుంది. పైగా అల్యూమినియానికి ఒక స్వభావం ఉంది. ఎంత చిన్న ఒత్తిడి అయినా లెక్కలేనన్ని సార్లు పడితే అలసట పేరుకుంటూనే ఉంటుంది. స్టీల్‌కి ఒక హద్దు లోపల ఎన్నిసార్లు పడినా ఏమీ కాదు. అల్యూమినియానికి ఆ హద్దు లేదు. అందుకే తయారీదారులు మందం పెంచి జాగ్రత్త పడతారు. చేతులు తక్కువైతే వాటి మధ్య రిమ్ ఎక్కువ దూరం ఆధారం లేకుండా సాగాలి కాబట్టి రిమ్ ఇంకా మందంగా పోయాలి. చూడ్డానికి 3 చేతుల చక్రం తేలిగ్గా అనిపించినా బరువు తూచి చూస్తేనే నిజం తెలుస్తుంది.

టైర్‌లో గాలి రోజుల తరబడి కొద్దికొద్దిగా తగ్గుతూ మేకు జాడ కనిపించకపోతే, సబ్బు నీళ్లు రిమ్ అంచు చుట్టూ, వాల్వ్ మొదట్లో, చేతులు రిమ్‌ని కలిసే చోట పోసి చూడాలి. బుడగలు అంచు దగ్గర వస్తే అక్కడ అల్యూమినియం పొడి పట్టి ఉండవచ్చు, లేదా చిన్న వంపు ఉండవచ్చు. శుభ్రం చేయిస్తే సరిపోతుంది. చేతి మొదట్లో సన్నని గీత వెంట బుడగలు వరసగా లేస్తే మాత్రం అది చీలిక. ఆ చక్రం మీద ఇంక బండి నడపకూడదు.

ఫోర్జ్‌డ్ చక్రంలో మూల లోహం అల్యూమినియమే. దాన్ని కరిగించి పోయరు. వేడి చేసిన దిమ్మను వేల టన్నుల ప్రెస్ కింద నొక్కి ఆకారం తెచ్చి, తర్వాత యంత్రంతో చెక్కుతారు. నొక్కినప్పుడు పోతలో మిగిలే సన్నని గాలి గుల్లలు మూసుకుపోతాయి, లోహపు రేణువులు చక్రం ఆకారం వెంట సాగుతాయి. అంత బలం వస్తే మందం తగ్గించవచ్చు, బరువు దిగుతుంది. మెగ్నీషియం అయితే ఇంకా తేలిక. దాని సాంద్రత ఘనపు సెంటీమీటర్‌కి 1.74 గ్రాములు, అల్యూమినియంది 2.7, స్టీల్‌ది 7.85. మోటోజీపీ అనే ప్రపంచ బైక్ రేసుల్లో వాడేవి ఫోర్జ్‌డ్ మెగ్నీషియం చక్రాలే. ఉప్పు, తేమ తగిలితే మెగ్నీషియం త్వరగా తినేసుకుపోతుంది. పూత ఒకచోట గీసుకుపోతే చాలు. కాబట్టి ఏడాది పొడవునా ఎండా వానా చూసే బైక్‌కి అది సరిపడదు.

ఇంత కష్టపడి చక్రం బరువు ఎందుకు తగ్గిస్తారు? బండి మీద ఒక కిలో తగ్గితే ఒక కిలో తగ్గినట్టే. చక్రం అంచులో ఒక కిలో తగ్గితే వేగం అందుకునేటప్పుడు దాదాపు రెండు కిలోలు తగ్గినట్టు లెక్క. అంచులో ఉన్న బరువు బండితో పాటు ముందుకి వెళ్లాలి, దానితో పాటే గుండ్రంగా కూడా తిరగాలి. రెండింటికీ శక్తి వేరువేరుగా ఇవ్వాలి. 120/70-17 టైర్ ఉన్న ముందు చక్రం 100 కి.మీ. వేగంలో సెకనుకు దాదాపు 15 సార్లు తిరుగుతుంది. అంత వేగంగా తిరిగేది తన దిశ మార్చుకోవడానికి ఇష్టపడదు కాబట్టి మలుపులో బండిని ఒక వైపు నుంచి ఇంకో వైపుకి వాల్చడానికి రైడర్ చేతులు శ్రమపడాలి. అంచు తేలికైతే ఆ శ్రమ తగ్గుతుంది. ఇంకో లాభం సస్పెన్షన్ దగ్గర. చక్రం స్ప్రింగ్ కింద ఉన్న బరువు, గతుకు మీద పైకి లేచాక మళ్లీ రోడ్డుకి తోయాల్సింది స్ప్రింగే. తేలికైన చక్రం తొందరగా రోడ్డుని పట్టుకుంటుంది. ఇక్కడ ఒక షరతు ఉంది. హబ్ దగ్గర తగ్గిన బరువుకి ఈ తిరుగుడు లాభం అంతగా రాదు. పెట్టె మీద రాసిన మొత్తం బరువు ఎంత తగ్గిందో కంటే అంచులో ఎంత తగ్గిందన్నది ముఖ్యం. టైర్ కూడా అంచులోనే ఉంటుంది కాబట్టి బరువైన టైర్ వేస్తే ఖరీదైన చక్రంతో సంపాదించింది తిరిగి పోతుంది.

అంచు బరువును బాగా దించగలిగింది కార్బన్ ఫైబర్. 2017 బీఎండబ్ల్యూ హెచ్‌పీ 4 రేస్‌లో చక్రాలే కాదు, ఫ్రేమ్ కూడా కార్బనే. తర్వాత ఎం 1000 ఆర్‌ఆర్‌కి కార్బన్ చక్రాలు కంపెనీ నుంచే వచ్చాయి. కార్బన్ చక్రం గట్టిగా ఉంటుంది, అలసటను బాగా తట్టుకుంటుంది. ఇబ్బంది అంతా పాడయ్యే తీరులోనే. అల్యూమినియం వంగి, తనకేదో అయిందని కంటికి చూపిస్తుంది. కార్బన్ వంగదు. దెబ్బ తగిలితే లోపలి పొరలు విడిపోవచ్చు, పైన రంగు మాత్రం చెక్కు చెదరకుండా ఉండవచ్చు. గట్టి దెబ్బ తగిలిన కార్బన్ చక్రాన్ని పరీక్ష చేయించకుండా మళ్లీ వాడకూడదు. వేగం కోసం, ట్రాక్ కోసం అద్భుతమైన వస్తువు. గుంతల రోడ్డు మీద మాత్రం మనశ్శాంతి ఇవ్వదు.

స్కూటర్లకి వాడే రేకు చక్రాలు ఈ పోటీలో లేవు. నొక్కిన స్టీల్ రేకుతో చేస్తారు. చవక, గట్టి, చిన్నవి. వీటిలో కొన్నింటి రిమ్ రెండు ముక్కలుగా ఉండి బోల్టులతో కలిసి ఉంటుంది. ట్యూబ్ మార్చడం సులువే కానీ గాలి ఉండగా ఆ రెండు ముక్కలని కలిపే నట్లు విప్పితే రిమ్ పేలినట్టు విడిపోయి మనిషికి గాయం చేస్తుంది. ముందు గాలి పూర్తిగా తీయాలి. తర్వాతే పానా పెట్టాలి.

చక్రం వ్యాసం, అంటే అడ్డుకొలత, మాట వదిలేస్తే లెక్క అసంపూర్తిగా మిగులుతుంది. దారిలో 8 సెం.మీ. ఎత్తు రాయి ఉందనుకుందాం. 10 అంగుళాల స్కూటర్ చక్రం ఆ రాయిని దాదాపు 51 డిగ్రీల కోణంలో ఢీకొంటుంది, 17 అంగుళాల రోడ్డు చక్రం 43 డిగ్రీల దగ్గర, 90/90-21 టైర్ ఉన్న 21 అంగుళాల చక్రం 40 డిగ్రీల దగ్గర. కోణం తగ్గేకొద్దీ దెబ్బ వెనక్కి తోయడం తగ్గి పైకి ఎక్కించడం పెరుగుతుంది. రాళ్లలో తిరిగే బైకులకి ముందు 21, వెనక 18 అంగుళాలు ఎందుకో దీంతో తెలుస్తుంది. మోటోక్రాస్‌లో వెనక 19 వాడతారు. రోడ్డు మీద అంత ఎత్తు అవసరం లేదు, తేలిగ్గా వాలాలి కాబట్టి 17 స్థిరపడింది. మోటోజీపీ కూడా 2016లో 16.5 వదిలి 17కి వచ్చింది. రాళ్ల దారుల్లో స్పోక్ చక్రానికే ఇప్పటికీ పెద్దపీట. విరిగిన దాన్ని విరిగిన చోటే కట్టుకోవచ్చు, దెబ్బ తగిలినప్పుడు చక్రం కాస్త సాగి కుదురుకుంటుంది. ర్యాలీల్లో, ఎండ్యూరోల్లో గాలికి బదులు టైర్ నిండా మూస్ అనే నురుగు రబ్బరు వాడేవాళ్లూ ఉన్నారు. అప్పుడు పంక్చర్ అన్న మాటే ఉండదు.

చక్రం మార్చాలనుకున్నప్పుడు ముందు చూడాల్సింది రిమ్ మీద పోసిన లేదా గుద్దిన అక్షరాలు. 17 x ఎంటీ 3.50 అని ఉంటే వ్యాసం 17, వెడల్పు 3.50 అంగుళాలు. ఎంటీ ఆకారంలో టైర్ అంచు కూర్చునే చోట లోపలి వైపు చిన్న గట్టు ఉంటుంది. గాలి తగ్గినా టైర్ జారి మధ్య గాడిలో పడకుండా ఆ గట్టు ఆపుతుంది. డబ్ల్యూఎం అని రాసి ఉండే రిమ్‌లో ఆ గట్టు ఉండదు. డబ్ల్యూఎం 2 అంటే 1.85 అంగుళాలు, డబ్ల్యూఎం 3 అంటే 2.15. సీలెంట్ కిట్‌తో నిపుల్ రంధ్రాలు ఎంత బాగా మూసినా డబ్ల్యూఎం రిమ్‌ని ట్యూబ్ లేకుండా నడపడం ప్రమాదం, ఎందుకంటే పంక్చర్ అయిన నిమిషంలో టైర్ అంచు తన చోటు వదిలేసి గాలి అంతా ఒక్కసారిగా పోతుంది. ట్యూబ్‌లెస్ టైర్‌కి ట్యూబ్ వేసి అదే రిమ్ మీద నడపవచ్చు, కానీ అప్పుడు అది ట్యూబ్ టైరే, మెల్లగా గాలి పోయే రక్షణ దానికి రాదు. స్పోక్ తీసి అల్లాయ్ పెట్టుకునేవాళ్లు రిమ్ వెడల్పుతో పాటు హబ్‌లో బేరింగ్ కొలత, స్పేసర్ల పొడవు, డిస్క్ కూర్చునే లోతు, వెనక హబ్‌లో రబ్బరు డ్యాంపర్లు, ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా ఆపే ఏర్పాటు) ఉంటే సెన్సార్ రింగ్ పళ్ల సంఖ్య కూడా పాత చక్రంతో పోల్చుకోవాలి. పళ్లు ఒకటి తేడా వచ్చినా ఏబీఎస్‌కి రెండు చక్రాల వేగం వేర్వేరుగా కనిపిస్తుంది.